పక్షుల ఛాయాచిత్రములు : దూరకటకముతో కెమెరాను అమర్చుకొను విధము

ముత్తంగి యనగానే కర్మాగారములును, లారీల బారులును, హైదరాబాదునుండి ముంబయి దిక్కునకు బోవు రహదారియు మన మనస్సునకు తోచును. ఈ ప్రాంతమున పక్షులును సమృద్ధిగా నున్నవను సంగతి కొందఱికే తెలియును. మనకు తూర్పున అమీన్‌పూరు చెఱువు కలదు. కుతుబ్‌షాహీల కాలమునాటి యీ చెఱువు 2016వ సంవత్సరమున జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడెను. పటాన్‌చెరువునొద్ద 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాటు పరిశోధనా క్షేత్రములోని పొలములును జలాశయములును అనేక జాతుల పక్షులకు ఆశ్రయమిచ్చుచున్నవి. సంగారెడ్డి కావల మంజీరానదిపై 1978లో ఏర్పడిన అభయారణ్యమున్నది. హైదరాబాదునకు త్రాగునీరిచ్చు ఆ జలాశయమునందు మొసళ్ళును, దాని తీరములందు నీటిపక్షులును నివసించుచున్నవి.

ఈ దినములలో మన విద్యార్థులలో కొందఱి యిండ్లలో మంచి కెమెరాలును, టెలీఫోటో లెన్సు అను దూరకటకములును ఉన్నవి. అయినను వారు తెచ్చి చూపు చిత్రములలో కొంగ తెల్లని మరకగాను, పాలపిట్ట నీలపు గీతగాను కనబడుట తఱచు. అట్టి వేళ కెమెరాను నిందించుట వాడుక. నిజమునకు లోపము కెమెరాలో నుండుట అరుదు. అమరికలో నుండుటయే మెండు. పక్షి యేమి చేయుచున్నదో మొదట చూచి, దానికి తగిన కాలమును ముందుగా నిర్ణయించి, తక్కిన అమరికలను ఆ కాలమునకు లోబఱచవలయును. ఈ విద్యకంతకును ఇదియే మూలసూత్రము. దీనినే యీ పాఠమున క్రమముగా వివరించెదను.

స్పష్టమైన చిత్రమెందుకు?

చిత్రము కంటికి ఇంపుగా నుండుట మంచిదే. కాని పక్షి చిత్రమునకు మఱియొక గొప్ప పనియున్నది. అది సాక్ష్యము చెప్పవలయును. 1931-32 సంవత్సరములలో సలీం అలీగారు నాటి హైదరాబాదు రాజ్యమంతయు తిరిగి పక్షులను పరిశీలించిరి. ఆ కాలమున ఒక పక్షి ఫలాని చోట నున్నదని రుజువు చేయుటకు దానిని తుపాకితో కొట్టి, చర్మమును ఒలిచి భద్రపఱచుట శాస్త్రజ్ఞులలో వాడుకగా నుండెను. ఇంగ్లండులో రిచర్డు కియర్టను, చెర్రీ కియర్టను అను సోదరులు 1895లోనే పక్షుల గూళ్ళను గూర్చి ఛాయాచిత్రములతో ఒక గ్రంథమును ప్రకటించి, తుపాకి లేకయే ప్రకృతిని పరిశీలింపవచ్చునని చూపిరి. నేడు మనచేతి కెమెరాయే ఆ పనిని చేయగలదు. పక్షి ప్రాణముతో ఎగిరిపోవును, సాక్ష్యము మనయొద్ద నిలుచును.

అయితే మసకగా నున్న సాక్ష్యము చెల్లదు. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, పాదములు పసుపు. పశువులవెంట తిరుగు కొంగకు ముక్కు పసుపు. చిత్రమున ముక్కును పాదమును చెదరినయెడల చూచినది ఏ కొంగయో చెప్పజాలము. మన రాష్ట్రపక్షియైన పాలపిట్ట తీగపై కూర్చున్నప్పుడు చాలవఱకు గోధుమవన్నెగా కనబడును. దాని ఱెక్కలలోని నీలపు పట్టీలు ఎగిరినప్పుడే పూర్తిగా వెల్లడియగును. ఆ క్షణమును పట్టుకొనవలెనన్న అమరిక ముందే సిద్ధముగా నుండవలయును.

మూడు సాధనములు

కెమెరాలోనికి పోవు వెలుతురును చెఱువు తూమునుండి పాఱు నీటితో పోల్చవచ్చును. తూము ఎంత వెడల్పుగా నున్నదో అదియే ఎపర్చరు. తూమును ఎంతసేపు తెఱచి యుంచితిమో అదియే షట్టరు కాలము. ఈ రెండును కలిసి లోనికి వచ్చు వెలుతురు మొత్తమును నిర్ణయించును. మూడవదియైన ఐ.ఎస్.ఓ. వేఱు తరగతికి చెందినది. అది వెలుతురును తెచ్చునది కాదు. వచ్చిన వెలుతురునుండి పుట్టిన సంకేతమును పెద్దది చేయునది. సభలోని లౌడుస్పీకరు మాటను పెద్దది చేయునప్పుడు గరగర శబ్దమునుగూడ పెద్దది చేయును. అట్లే ఐ.ఎస్.ఓ. హెచ్చినకొలది చిత్రమందు ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడును.

ఎపర్చరును ఎఫ్ సంఖ్యతో తెలుపుదురు. కటకముయొక్క నాభ్యంతరమును ద్వారముయొక్క వ్యాసముతో భాగించిన వచ్చునది ఎఫ్ సంఖ్య. 400 మిల్లీమీటర్ల కటకమును ఎఫ్/5.6 వద్ద ఉంచినయెడల ద్వారపు వ్యాసము సుమారు 71 మిల్లీమీటర్లు. అందుచేతనే దూరకటకములు అంత లావుగాను, బరువుగాను, వెలగలవిగాను ఉండును. సంఖ్య చిన్నదైనకొలది ద్వారము పెద్దదగునని మఱువరాదు. వైశాల్యము వ్యాసముయొక్క వర్గముతో మారును గనుక ఎఫ్/5.6 నుండి ఎఫ్/8కు పోయినచో వెలుతురు సగమగును. ఎఫ్/11కు పోయినచో పాతికవంతగును. షట్టరు కాలము సగమైనను వెలుతురు సగమే. ఇట్లు సగముగా తగ్గుటను గాని రెట్టింపగుటను గాని ఒక మెట్టు అందుము. ఈ మెట్ల లెక్క వచ్చినవానికి మిగిలినదంతయు సులభము.

దూరకటకముయొక్క స్వభావము

దూరకటకము పక్షిని పెద్దదిగా చూపును. దానితోపాటు మన చేతి వణకును గూడ పెద్దది చేయును. కావున చేతితో పట్టుకొని తీయునప్పుడు షట్టరు కాలము నాభ్యంతరపు సంఖ్యలో ఒకటవ వంతుకంటె ఎక్కువ కారాదను పాతనియమము కలదు. 400 మిల్లీమీటర్ల కటకమునకు 1/400 సెకండు. చిన్న సెన్సారుగల కెమెరాలలో అదే కటకము 600 మిల్లీమీటర్ల కటకమువలె దృశ్యమును ఇఱుకు చేయును గనుక అచ్చట 1/600 సెకండుకంటె తక్కువ కాలము, అనగా 1/800 సెకండు, ఉంచుట మేలు.

నేటి కటకములలో వణకును సరిదిద్దు యంత్రములుండును. అవి మన చేతి కదలికను మాన్పగలవే కాని పక్షి కదలికను మాన్పజాలవు. ట్రైపాడు సంగతియు నింతియే. చెట్టు స్పష్టముగా వచ్చి దానిపై పిట్ట మాత్రము చెదరిన చిత్రములకు కారణమిదియే.

ముందుగా కాలము

ఒక లెక్క చేయుదము. తెల్లకొంగ సెకండుకు 10 మీటర్ల వేగముతో మనకు అడ్డముగా ఎగురుచున్నదనుకొందము. అది మనకు 20 మీటర్ల దూరమున నున్నది. మన కటకము 400 మిల్లీమీటర్లది. షట్టరు 1/500 సెకండు తెఱచియున్నచో ఆ వ్యవధిలో కొంగ 2 సెంటీమీటర్లు జరుగును. 20 మీటర్ల దూరమున ఈ కటకము వస్తువును ఏబదవ వంతు పరిమాణమున చిత్రించును గనుక సెన్సారుపై జరుగుడు 0.4 మిల్లీమీటరు. ఇది అల్పమని తోచును. కాని 36 మిల్లీమీటర్ల వెడల్పున 6000 బిందువులుగల సెన్సారుపై ఇది 66 బిందువుల మేర! కన్నును ముక్కును ఒకటిగా కలిపివేయుటకు ఇది చాలును. 1/2000 సెకండునకు తగ్గించినచో జరుగుడు సుమారు 17 బిందువులకు దిగును.

పూర్తిగా మాన్పుటెట్లు? కొంగతోపాటు కటకమును సమవేగమున త్రిప్పవలయును. అప్పుడు కొంగ శరీరము సెన్సారుపై నిలుకడగా నుండును. ఱెక్కల కదలికను మాత్రము షట్టరు పట్టుకొనును. కావున శీఘ్రమైన షట్టరును, సమముగా త్రిప్పుచేతియు రెండును వలయును. పాదములను కొంచెమెడముగా నుంచి, మోచేతులను ప్రక్కలకు ఆనించి, నడుమునుండి తిరుగుట అభ్యసింపుడు.

సాధారణముగా ఈ కాలములు పనికివచ్చును. కదలక కూర్చున్న పక్షికి 1/500 సెకండు. నీటిలో నడచుచు మేయు కొంగలకు 1/1000 సెకండు. ఎగురు కొంగలకు, గద్దలకు 1/1600 మొదలు 1/2000 సెకండు. నీటిలో దుముకు లకుముకిపిట్టకు, గూటికి గడ్డిపోచలు తెచ్చు గిజిగానికి 1/2500 మొదలు 1/3200 సెకండు. కూర్చున్న పక్షి లేచి ఎగురుట ఎప్పుడో చెప్పలేము గనుక వెలుతురు చాలినంతవఱకు శీఘ్రమైన కాలమునే ఉంచుకొనుట వివేకము.

పిమ్మట ఎపర్చరు

దూరకటకమునందు స్పష్టముగా కనబడు లోతు మిక్కిలి తక్కువ. పూర్తి పరిమాణపు సెన్సారును, 400 మిల్లీమీటర్ల కటకమును, ఎఫ్/5.6ను తీసికొని లెక్కించినచో 20 మీటర్ల దూరమున సుమారు 84 సెంటీమీటర్ల లోతు స్పష్టముగా నుండును. 10 మీటర్లకు వచ్చినచో అది 21 సెంటీమీటర్లు. 5 మీటర్లకు వచ్చినచో 5 సెంటీమీటర్లు మాత్రమే. దూరము సగమైనచో లోతు పాతికవంతగుట గమనింపుడు. 5 మీటర్ల దూరమున మనవైపు తిరిగి కూర్చున్న లకుముకిపిట్ట ముక్కు కొననుండి తోకవఱకు ఈ లోతులో ఇముడదు. అట్టిచోట ఎఫ్/8కో ఎఫ్/11కో పోవలయును, లేదా పిట్ట ప్రక్కకు తిరుగువఱకు వేచియుండవలయును. రెండవది తఱచు మేలైన మార్గము, ఏలయన దానికి వెలుతురు ఖర్చు కాదు.

ఒంటి పక్షికి కటకము అనుమతించు పెద్ద ద్వారమే చాలును. వెనుకనున్న తుమ్మకొమ్మలు మెత్తగా కలసిపోయి పక్షి విడిగా తోచును. గుంపునకు, లేక తల్లికొంగ వెనుక నిలిచిన పిల్లలకు ఎఫ్/8 మొదలు ఎఫ్/11 వలయును. ఎట్లున్నను గుఱి కంటిపైననే యుండవలయును. తోక మసకైనను చూచువాడు క్షమించును, కన్ను మసకైనచో క్షమింపడు. కదలు పక్షికి ఆటోఫోకసును ఎడతెగక వెంబడించు పద్ధతిలో నుంచవలయును. పక్షి కంటిని తానే గుర్తించు క్రొత్త కెమెరాలును కలవు. కాని రెల్లుగడ్డి అడ్డమున్నచోట అవియు గడ్డినే పట్టుకొనవచ్చును. అప్పుడు ఒక్క చిన్న బిందువును ఏర్పఱచుకొని కంటిపై నుంచుట మంచిది.

తుదకు ఐ.ఎస్.ఓ.

కాలమును, ద్వారమును నిర్ణయించినపిమ్మట చాలని వెలుతురును ఐ.ఎస్.ఓ.తో పూరింతుము. దీనికి ఫిల్ముల కాలమునాటి చక్కని నియమమొకటి కలదు. నిండు ఎండలో ఎఫ్/16 వద్ద షట్టరు కాలము ఐ.ఎస్.ఓ. సంఖ్యలో ఒకటవ వంతు. అనగా ఐ.ఎస్.ఓ. 100కు 1/100 సెకండు. ఎఫ్/16 నుండి ఎఫ్/5.6కు మూడు మెట్లు గనుక ఎనిమిది రెట్లు వెలుతురు వచ్చును. కాలము 1/800 సెకండునకు తగ్గును. ఎగురు కొంగకు 1/1600 కావలెనన్న ఐ.ఎస్.ఓ. 200. లకుముకిపిట్టకు 1/3200 కావలెనన్న ఐ.ఎస్.ఓ. 400. నిండు ఎండలో ఇంతకంటె పెద్ద సంఖ్య అవసరము లేదు.

అయితే పక్షులు విశేషముగా మేయునది తెల్లవాఱినపిమ్మట మొదటి గంటలలోనే. ఆ వేళ వెలుతురు నిండు ఎండలో పదునాఱవ వంతే యున్నదనుకొందము. అది నాలుగు మెట్ల లోటు. అదే 1/1600 సెకండునకు ఐ.ఎస్.ఓ. 3200 వలయును. ఈ సంఖ్యను చూచి భయపడి షట్టరును నెమ్మది చేయువారు పెక్కుమంది. అది పొరపాటు. చుక్కలుగల చిత్రమును తరువాత కంప్యూటరులో కొంతవఱకు శుభ్రపఱచవచ్చును. చెదరిన ముక్కును తిరిగి ముక్కుగా చేయుటకు నమ్మదగిన ఉపాయము లేదు. చుక్కలతో నున్న సాక్షి మాటాడును, చెదరిన సాక్షి మూగవాడు.

మధ్యాహ్నము వెలుతురు పుష్కలముగా నున్నను దూరపు పక్షిని తీయుట నిష్ఫలము. వేడెక్కిన నేలపైనను తారురోడ్డుపైనను గాలి కదలాడుచు కిరణములను వంచును. దూరకటకము ఆ కదలాటనే పెద్దది చేసి చూపును. దీనికి ఏ అమరికయు మందు కాదు. ఉదయమున బోవుట, దగ్గఱగా నుండుట, ఈ రెండే ఉపాయములు.

తెల్లని పక్షి, నల్లని పక్షి

కెమెరాలోని వెలుతురుమాపకము తాను చూచునదంతయు నడిమి బూడిదవన్నె యని తలచి లెక్క కట్టును. నల్లని నీటి నడుమ చిన్నదిగా తెల్లకొంగ నిలిచినచో నీటి నలుపును బూడిదవన్నెకు తెచ్చు తలంపుతో అది వెలుతురును హెచ్చించును. కొంగ ఈకలు సున్నపు ముద్దవలె అగును. అప్పుడు సవరణను ఒక మెట్టు తగ్గింపవలయును. అదే కొంగ చట్రమంతయు నిండియున్నచో మాపకము తెలుపును బూడిదవన్నెకు దించును. అప్పుడు ఒక మెట్టు పెంపవలయును. పసులపోలిగాడు అను చీలికతోక నల్లపిట్టయు, నీటికాకియు తెల్లని ఆకాశము నెదుట నున్నప్పుడు ఒకటి మొదలు రెండు మెట్లు పెంపవలయును; లేకున్న వట్టి నీడయే వచ్చును. అనగా “తెలుపునకు తగ్గించుట, నలుపునకు పెంచుట” యను సూత్రము సగమే నిజము. చట్రములో అధికభాగము ఏ రంగో అదియే మాపకమును మోసగించును.

ఇందుండి మఱియొక యుపాయము దొరకును. కొంగ చెట్ల నీడ ముందునుండి ఎగిరి ఆకాశము ముందుకు వచ్చినను దానిపై బడు ఎండ మాఱదు. వెనుకరంగు మాత్రమే మాఱును. కావున ఎండ నిలుకడగా నున్న దినమున మూడు అమరికలను మనమే స్థిరపఱచి కదపకుండుట మేలు. తెల్లకొంగలకు పైనియమముకంటె ఒక మెట్టు తగ్గించి, ఎఫ్/5.6, ఐ.ఎస్.ఓ. 200, 1/3200 సెకండు ఉంచినచో ఈకల గీతలు నిలుచును. మబ్బులు వచ్చి పోవు దినమునను, చెట్లనీడలోను కాలమును ద్వారమును మనము స్థిరపఱచి ఐ.ఎస్.ఓ.ను మాత్రము కెమెరాకు విడువవచ్చును. తీసిన మొదటి చిత్రమును హిస్టోగ్రాముతో పరీక్షింపుడు. గీత కుడిగోడకు గుద్దుకొన్నచో తెలుపు నశించినదని గుఱుతు.

అమరికలకు అందని హద్దు

దగ్గఱగా నున్న పక్షియే మంచి చిత్రమునిచ్చుననుట నిజము. కాని దగ్గఱకు పోవుటకును ఒక హద్దున్నది. పక్షి మేత మాని తలయెత్తి మనవైపు చూచినచో అది మొదటి హెచ్చరిక. మెడ చాచి లేచుటకు సిద్ధమైనచో మనము అప్పటికే హద్దు దాటితిమి. ఒక చోట మౌనముగా కూర్చుండి పక్షియే సమీపించునట్లు చేయుట ఉత్తమము. సూర్యుని వీపునకు ఉంచుకొని, మన నీడ పక్షివైపు చూపునట్లు కూర్చున్నచో వెలుతురు చక్కగా పడును.

గూటియొద్ద చిత్రములు తీయకుడు. తల్లి కొంతసేపు దూరమైనచో గ్రుడ్లు ఎండకు కమలును, కాకులు వచ్చి ఎత్తుకొనిపోవును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను గూళ్ళను కలతపెట్టుటను వేటయొక్క నిర్వచనములోనే చేర్చియున్నది. తుపాకి లేని చేతితోను వేటాడవచ్చునని దీని భావము. కెమెరా పట్టినవారందఱును దీనిని గుఱుతుంచుకొనవలయును.

చిత్రము తీసిన దినముననే తేది, వేళ, చెఱువు పేరు, పక్షి చేయుచున్న పని, ఎన్ని పక్షులు కనబడినవి యను వివరములను ఒక పుస్తకమున వ్రాయుడు. పేరు తెలియనిచో చిత్రమును మీ ఉపాధ్యాయులకు చూపుడు. 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర పరిశోధనాలయమువారు ప్రారంభించిన ఈబర్డు పట్టికలో ఇట్టి వివరములను సామాన్యులుగూడ చేర్చవచ్చును. మన చెఱువులచుట్టు ఇండ్లును కర్మాగారములును పెరుగుచున్నవి. ఏ సంవత్సరమున ఏ పక్షి వచ్చెను, ఏ సంవత్సరమున రాక మానెను అని రేపు ఎవరైన అడిగినచో జ్ఞాపకము చాలదు. తేదిగల స్పష్టమైన చిత్రములు కావలయును. ఒకే చెఱువును మీరు బడి విడుచువఱకు నెలకొకసారి చూచి వ్రాసినను, మీ తరువాతి తరగతులవారికి అది గొప్ప ఆస్తి యగును.

అభ్యాసము

1. 300 మిల్లీమీటర్ల కటకము ఎఫ్/4 వద్ద నున్నది. ద్వారపు వ్యాసమెంత?

2. నిండు ఎండ, ఐ.ఎస్.ఓ. 200, ఎఫ్/8. షట్టరు కాలమెంత? ఎగురు గద్దకు 1/1600 సెకండు కావలెనన్న, ద్వారమును మార్చక ఏమి చేయుదురు?

3. తీగపై పసులపోలిగాడు, వెనుక తెల్లని ఆకాశము. సవరణ పెంచుదురా, తగ్గింతురా? కారణము వ్రాయుడు.

జవాబులు : 1. 75 మిల్లీమీటర్లు. 2. 1/800 సెకండు, ఐ.ఎస్.ఓ. 400 చేయుదుము. 3. దీనికి జవాబును చెఱువుగట్టునకు పోయి, పెంచి యొకటి, తగ్గించి యొకటి, రెండు చిత్రములు తీసి, ప్రక్కప్రక్కన పెట్టి చూచి వ్రాయుడు.